ఏ పనికీ పనికిరాకుండా పోతేనే పింఛనా?

ఆరోగ్యం చెడిపోయి పని చేయలేని స్థితి వస్తే, పదవీ విరమణ వయసు వచ్చేదాకా ఆగకుండా పింఛనుతో ఇంటికి వెళ్ళొచ్చు. ప్రభుత్వోద్యోగుల పింఛను నిబంధనల్లో దీని పేరు ఇన్వాలిడ్ పెన్షన్. ఆఫీసుల్లో మామూలుగా 'మెడికల్ అన్‌ఫిట్ మీద పోవడం' అంటారు. వినడానికి ఇదేదో ప్రభుత్వం చూపించే దయలా వుంటుంది. నిజానికి దయ కాదు, హక్కు. ముప్పయ్యేళ్ళు ఒంటిని అరగదీసి పని చేయించుకున్నవాళ్ళు, ఆ ఒళ్ళు మొరాయించిన రోజున చెల్లించవలసిన బాకీ. అయితే ఈ బాకీ ఎవరికి తీరుతోంది? తీరేముందు ఆ మనిషి ఏమేమి రుజువు చేసుకోవలసి వస్తోంది? ఈ ప్రశ్నలు వేస్తే, ఈ హక్కును ఒకానొక శరీరాన్ని ముందు పెట్టుకుని కొలిచి కుట్టారని తెలుస్తుంది. సర్వీసు రిజిస్టరు వున్న శరీరం, పొద్దున పదికి వెళ్ళి సాయంత్రం అయిదుకు ఇంటికొచ్చే శరీరం, జబ్బు చేస్తే ఇంట్లో గంజి కాచి యిచ్చే మనిషి వున్న శరీరం. అది మగ శరీరం. ఆ చొక్కాలో మన ఆడవాళ్ళను దూరమంటున్నారు.

నందికొండ నుంచే మొదలుపెడదాం. 1952లో ఖోస్లా కమిటీ ఆనకట్టకు ఈ చోటు సరిపోతుందని చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. ఆధునిక దేవాలయమని మనకు పాఠ్యపుస్తకాల్లో నేర్పిన ఈ కట్ట 124 మీటర్ల ఎత్తున్న రాతికట్టడం. యంత్రాల కన్నా మనుషుల చేతుల మీదా, తలల మీదా ఎక్కువగా లేచిన కట్టడం. ఆనాటి ఫోటోలు చూడండి, తట్టలెత్తుకుని బారులు తీరిన ఆడవాళ్ళు కనిపిస్తారు. రాయీ ఇసుకా మాలూ మోసింది వాళ్ళు. ఇంజనీర్లకు, గుమాస్తాలకు హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో క్వార్టర్లు వచ్చాయి, సర్వీసు రిజిస్టర్లు తెరిచారు, ఇంక్రిమెంట్లు పడ్డాయి, ఆ తర్వాత పింఛన్లు వచ్చాయి. తట్ట మోసిన మనిషికి వున్నది మస్టర్ రోల్ మీద ఒక వేలిముద్ర. ఆ మస్టరులో జబ్బుకు గడి లేదు. జ్వరమొచ్చినా, కాన్పయినా, మెట్ల మీద జారి నడుం విరిగినా అక్కడ రాసే మాట ఒక్కటే, 'రాలేదు'. రానివాళ్ళకు కూలి లేదు. రాలేకపోయిన వాళ్ళకు పేరే లేదు.

ఇదంతా పాత సంగతి అంటారేమో. ఆనకట్టను చూడడానికి బస్సుల్లో వచ్చేవాళ్ళు ఎన్ని గేట్లు ఎత్తారో లెక్కపెట్టుకుని పోతారు, సరే. కానీ నందికొండ ఇప్పుడు మున్సిపాలిటీ (2018లో అయింది). దాని వీధులు ఊడ్చేదీ, చెత్త ఎత్తేదీ, హాస్టళ్ళలో వండేదీ ఎవరు? ఏ పట్టణంలోనైనా ఈ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే, అందులోనూ దళిత, బహుజన స్త్రీలే. మస్టర్ పోయి ఏజెన్సీ వచ్చింది. వేలిముద్ర పోయిందా అంటే అదీ పోలేదు, బయోమెట్రిక్ అయింది.

మస్టర్ మీద బతికినవాళ్ళను పర్మినెంటు చేసిన కథ కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1994 ఏప్రిల్ 22న 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండిన రోజుకూలీ, ఎన్.ఎమ్.ఆర్. ఉద్యోగులను ఖాళీలుంటే రెగ్యులరైజ్ చేయొచ్చంది. పార్ట్‌టైం వాళ్ళ సంగతి తేలడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1997 జూలై 23న వచ్చిన 112 నంబరు జీవో, వాళ్ళకు అదే తేదీ నాటికి పదేళ్ళు నిండాలంది. ఫుల్‌టైముకు అయిదేళ్ళు, పార్ట్‌టైముకు పదేళ్ళు. కాగితం మీద ఇందులో ఆడా మగా అన్న మాట ఎక్కడా లేదు. కానీ ఆఫీసుల్లో పార్ట్‌టైం ఎవరు? తాళం తీయకముందే వచ్చి ఊడ్చే స్వీపరమ్మ, కుండల్లో నీళ్ళు నింపే మనిషి, బడిలో ఆయా. ఆమె పని అరపూట అని ఎవరు తేల్చారు? ఊడ్చి, తుడిచి, నీళ్ళు మోసి, సారు వచ్చేదాకా కాచుకుని, సాయంత్రం మళ్ళీ తాళం వేసే వేళకు వస్తే, మధ్యలో ఆమె ఇంకెక్కడ పని చేయగలదు? ఆడవాళ్ళ పనిని ముందు అరపూట చేసి, ఆ అరపూటకు రెట్టింపు శిక్ష వేయడం ఈ జీవోల్లోని నీతి.

దీనికీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అంటే, చాలా వుంది. పింఛనుకు కనీసం పదేళ్ళ అర్హమైన సర్వీసు వుండాలని మన పింఛను నిబంధనల పద్ధతి. అంతకు తక్కువైతే ఒకసారి చేతిలో పెట్టే గ్రాట్యుటీతో సరి. ఇరవై రెండేళ్ళకు చీపురు పట్టిన మనిషి యాభై రెండేళ్ళకు పర్మినెంటయిందనుకుందాం. యాభై ఏడుకు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. ఆమె పని చేసింది ముప్పయ్యయిదేళ్ళు. లెక్కకు వచ్చేది అయిదు. ఇన్వాలిడ్ పెన్షన్ అన్న మాట ఆమె దాకా రాదు. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో నిబంధన సవరించి, జబ్బుతో పోయేవాళ్ళకు ఈ పదేళ్ళ షరతు తీసేసింది. అంటే షరతు తీసేస్తే ఖజానా కూలిపోదని కేంద్రమే ఒప్పుకుంది. మస్టర్ బతుకు నుంచి ఆలస్యంగా సర్వీసులోకి వచ్చిన ఆడవాళ్ళ కన్నా ఆ సవరణ ఎక్కువ అవసరమైనవాళ్ళు ఎవరున్నారు?

కేంద్ర జలసంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన స్త్రీలు, వాళ్ళతో పాటు తోటపని చేసిన ఉద్యోగి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2024 డిసెంబరు 20న గెలిచారు. పేరుకు పార్ట్‌టైం అని పెట్టి, నిరంతరం అవసరమైన పని చేయించుకుని, 2006 నాటి ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని వాళ్ళను తీసేయడం కుదరదని కోర్టు చెప్పింది. వాళ్ళు పని చేసింది నీళ్ళ శాఖలో అన్నది గుర్తుంచుకోవాలి. దేశంలో ఆనకట్టల లెక్కలు చూసే సంస్థకు తన గదులు ఊడ్చేవాళ్ళ సర్వీసు లెక్క తెలియలేదు.

ఇక 'అన్‌ఫిట్' అన్న మాట దగ్గరికి వద్దాం. అసలు గొడవంతా ఇక్కడే వుంది. దేనికి అన్‌ఫిట్? ఇప్పటిదాకా చేస్తున్న పనికా, లోకంలో వున్న ఏ పనికైనానా? చట్టాలు ఈ ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పవు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, జబ్బు వల్ల గానీ ప్రమాదం వల్ల గానీ అంతకు ముందు చేయగలిగిన పనిని చేయలేకపోతే అది అశక్తత అంది. అలా పోయేవాళ్ళకు అయిదేళ్ళ సర్వీసు షరతు కూడా లేదంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఈ మాటే చేరింది. 1995 నవంబరు 16న వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం మాత్రం అశక్తత నాటికి చేయగలిగిన 'అన్ని' పనులకూ పనికిరాకుండా పోవాలంది. ఒక్క 'అన్ని' అనే మాట! ఆ మాట మీద ఎంతమంది ఆడవాళ్ళ దరఖాస్తులు వాలిపోతాయో ఆలోచించండి. ఎందుకంటే ఆడమనిషి విషయంలో 'అన్ని పనులు' అనే సంచికి అడుగు లేదు. తట్ట ఎత్తలేకపోతే కూర్చుని బియ్యం ఏరలేవా? కూర్చోలేకపోతే నిలబడి వండలేవా? ఇంట్లో వండుతున్నావు కదా! బోర్డు ముందుకు రాకముందు ఆమె అదే చేసి వస్తుంది. వండకపోతే ఇల్లు గడవదు కాబట్టి వండుతుంది. ఆ వండడమే ఆమె ఆరోగ్యంగా వుందనడానికి సాక్ష్యమవుతుంది. ఇంటిపనిని జీవితమంతా పని కాదన్న వ్యవస్థ, పింఛను ఎగ్గొట్టే వేళకు మాత్రం అది పనేనని గుర్తు తెచ్చుకుంటుంది.

అయినా ఈ పథకంలో మనవాళ్ళకు తెలియని మంచి సంగతులు కొన్ని వున్నాయి, అవి ప్రతి సంఘంలో చెప్పాలి. అశక్తత పింఛనుకు పదేళ్ళ సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా పడివుంటే చాలు. జబ్బు పని వల్లే వచ్చిందని రుజువు చేయనక్కర్లేదు. యాభై ఎనిమిదికి ముందు తీసుకుంటే పడే కోత దీనికి లేదు. పదివేల జీతం మీద పన్నెండేళ్ళ సర్వీసుంటే, జీతాన్ని సర్వీసుతో గుణించి డెబ్బైతో భాగిస్తే నెలకు 1714 రూపాయలు. అదే మనిషి సంగతి తెలియక యాభయ్యో ఏట 'ముందస్తు పింఛను' అడిగితే, ఏడాదికి నాలుగు శాతం చొప్పున కోత పడి నాలుగో వంతుకు పైగా పోతుంది, అదీ బతికినంత కాలం. జబ్బుతో పని మానేసిన మనిషికి ఏ ఫారం నింపాలో ఎవరు చెబుతారు? ఏజెన్సీ చెప్పదు. యూనియన్లు, మన సంఘాలు చెప్పాలి. పైగా 2014లో అందరికీ ఒకే నంబరు వచ్చేదాకా కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ నంబరు మారేది. సర్వీసు ముక్కలు ముక్కలయ్యేది, ముక్క ముక్కకూ డబ్బు తీసేసుకునేవాళ్ళు. ఆడవాళ్ళకైతే పీఎఫ్ పథకం ప్రత్యేకంగా ఒక దారి కూడా వేసిపెట్టింది. పెళ్ళి కోసం ఉద్యోగం మానేస్తే మిగతావాళ్ళలా ఆగకుండా డబ్బంతా తీసుకోవచ్చు! పెళ్ళయితే ఆడపిల్లకు ఇక పని వుండదు, జబ్బు రాదు, ముసలితనం రాదు. ఇంత ముచ్చటైన రూలు రాసినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు లేరనుకోవాలా?

ఆర్టీసీలో మెడికల్ అన్‌ఫిట్ అనగానే అందరికీ డ్రైవరు కళ్ళు గుర్తొస్తాయి. వర్ణాంధత వుందని తెలంగాణ ఆర్టీసీ డ్రైవరొకరిని ఇంటికి పంపిన కేసులో, వేరే పని చూపకుండా అలా పంపడం తప్పని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 1979లో యూనియన్లు చేసుకున్న ఒప్పందంలోని హామీ ఆ తీర్పుకు ఆధారం. వికలాంగుల చట్టాలు కూడా ఇదే చెప్పాయి. 1995 చట్టంలో 47వ సెక్షను, 2016 చట్టంలో 20వ సెక్షను. సర్వీసులో వుండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం మీద వేరే పని ఇవ్వాలి, అది లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో కూర్చోబెట్టాలి. కాబట్టి ముందస్తు పింఛను ఒక్కటే మన కోరిక కాకూడదు. పని చేయాలనుకున్న వాళ్ళకు చేయగలిగిన పని, చేయలేనివాళ్ళకు పింఛను, ఏది కావాలో ఎంచుకునే మాట ఆ మనిషిది. ఆర్టీసీ కార్మికులకు ఆ హామీ వూరికే రాలేదు, బేరమాడి సాధించుకున్నారు. ఇటువంటి బేరాల్లో డ్రైవరు కంటిచూపుకు చోటు దొరికినట్టు, రోజంతా కదిలే బస్సులో నిలబడే మహిళా కండక్టరు గర్భసంచికి ఎప్పుడు చోటు దొరుకుతుంది?

గర్భసంచి మాట వచ్చింది కాబట్టి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశం సగటుకు రెండింతల పైమాటే. ముప్పై అయిదు దాటకముందే ఆపరేషన్ అయి, నడుం నొప్పితో, ఎముకల బలహీనతతో పొలానికీ ఆఫీసుకూ వెళ్ళే ఆడవాళ్ళు ప్రతి వూళ్ళో వున్నారు. ప్రభుత్వోద్యోగినులకు ఈ ఆపరేషన్‌కు 45 రోజుల ప్రత్యేక సెలవు 2011లో వచ్చింది, మంచిదే. నలభై ఆరో రోజు సంగతి? కారుణ్య నియామకాలకు చెల్లే జబ్బుల జాబితా చూస్తే పక్షవాతం, కిడ్నీ, క్యాన్సర్ ఇలా వుంటుంది. అవి ఘోరమైన జబ్బులే, కాదనడం లేదు. కానీ ఆడవాళ్ళను పని నుంచి నెట్టేసేవి చాలావరకు ఇలా ఒక్కసారిగా కూల్చే జబ్బులు కావు. కొద్దికొద్దిగా తొలిచేవి. గర్భసంచి జారడం, మోకాళ్ళు, వెన్నుపూస, రక్తహీనత, దిగులు. జాబితా కూలిపోయిన శరీరాన్ని గుర్తిస్తుంది, అరిగిపోయిన శరీరాన్ని గుర్తించదు.

అందుకే చాలామంది ఉద్యోగినులు బోర్డు జోలికే పోరు. ఇరవయ్యేళ్ళు నిండేదాకా పళ్ళ బిగువున లాగి స్వచ్ఛంద విరమణ తీసుకుంటారు. పూర్తి పింఛను లెక్కకు 33 ఏళ్ళ సర్వీసు కొలమానం కాబట్టి తగ్గిన పింఛనుతో సరిపెట్టుకుంటారు. ఆఫీసు కాగితాల్లో అది 'సొంత కారణాలు' అవుతుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళు సి.పి.ఎస్. కింద వున్నారు, వాళ్ళకు పాత నిబంధనల భరోసా పుట్టుకతోనే లేదు. కేంద్రం 2021లో తన ఉద్యోగులకు, చనిపోయినా అన్‌ఫిట్ అయినా పాత పింఛను ఎంచుకునే వీలు కల్పించింది. అదే ఏడాది తెలంగాణలో విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది. ఉద్యోగ సంఘాలు సంతోషించాయి. ఆ మూడేళ్ళు లాగలేని వాళ్ళకు గౌరవంగా బయటపడే దారి కూడా పెంచండని అడిగిన గొంతులు వినబడలేదు.

ఇంకో సంగతి. అనారోగ్యంతో మగవాడు ముందే ఇంటికి వస్తే, ఒక పింఛనుతో పాటు జీతం లేని నర్సు కూడా అతనికి దొరుకుతుంది. భార్య. ఆమె కూలికి పోవడం మానేస్తుంది. ఆమె మానేసిన కూలికి ఏ బోర్డూ లెక్క కట్టదు. కారుణ్య నియామకం వస్తే సాధారణంగా కొడుక్కు పోతుంది. ఆడమనిషి ముందే ఇంటికి వస్తే? ఆమెను చూసుకునేందుకు బడి మాన్పించేది కూతుర్నే. వారసత్వ ఉద్యోగాల కోసం సింగరేణిలో, ఇతర చోట్ల జరిగిన పోరాటాలను తక్కువ చేయడం లేదు. కానీ తండ్రి ఒళ్ళు కొడుకు ఉద్యోగానికి టోకెన్‌గా మారే ఈ పద్ధతిలో, సేవ చేసే ఆడవాళ్ళ శ్రమ ఎవరి ఖాతాలో పడుతోందో అడగాలి.

సర్వీసు రిజిస్టరు లేనివాళ్ళ సంగతి మరీ అన్యాయం. అంగన్‌వాడీలు 1975 నుంచి పని చేస్తున్నారు, కానీ ప్రభుత్వం ఇచ్చేది గౌరవ వేతనం. వాళ్ళవి సివిల్ పోస్టులు కావని సుప్రీంకోర్టు 2006లో అంది. 2022 ఏప్రిల్ 25న మాత్రం గ్రాట్యుటీ చట్టం వాళ్ళకు వర్తిస్తుందని తీర్పు చెప్పింది. వర్తిస్తే జబ్బుతో పని మానిన టీచరుకు, ఆయాకు కూడా వర్తించాలి. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు గ్రాట్యుటీ, పింఛను వాళ్ళ డిమాండ్లలో వున్నాయి. గౌరవం నెలనెలా వేతనంలోనే అయిపోతుంది కాబోలు, రిటైరయ్యాక ఇవ్వడానికి మిగలదు.

సాగర్ కట్ట మీద నిలబడి ఉత్తరానికి చూస్తే దేవరకొండ, మర్రిగూడ, చండూరు, మునుగోడు మెట్ట. కృష్ణ పక్కనే పారుతున్నా దశాబ్దాల పాటు ఈ ప్రాంతం తాగింది ఫ్లోరైడ్ బోరునీళ్ళు. ఫ్లోరోసిస్ వెన్నునూ కీళ్ళనూ బిగించేస్తుంది. తిండిలో కాల్షియం తక్కువైన వాళ్ళను, కాన్పులు, పాలివ్వడం వల్ల ఎముకలు గుల్లైన ఆడవాళ్ళను ఇంకా ముందే పట్టుకుంటుంది. నాట్లు వేయలేక నలభై ఏళ్ళకే కూలి మానేసిన స్త్రీది కూడా అనారోగ్యంతో ముందస్తు విరమణే. కానీ ఆమె యజమాని ఎవరు? వందమంది యజమానులు, అంటే ఎవరూ లేరు. ఆమెకు మిగిలింది వికలాంగుల పింఛను. 2014లో 1500, 2019లో 3016, 2023లో 4016 అయింది. దానికి సదరం క్యాంపులో నలభై శాతం తేలాలి. ముప్పై ఎనిమిది తేలిందా, ఆమె ఆరోగ్యవంతురాలు. నీళ్ళు చేసిన ఈ గాయానికి బాధ్యత ఆ నీళ్ళను తాగించిన ప్రభుత్వానిది. నదీజలాల పంపకంలో ఈ మెట్టను వదిలేసినవాళ్ళే యజమాని స్థానంలో నిలబడి పింఛను ఇవ్వాలి, దానం కింద కాదు, నష్టపరిహారం కింద.

దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని అధికారులు అంటారు. పుట్టుకొస్తాయి, ఎందుకంటే మీరు అన్‌ఫిట్‌ను అంత ఇరుకు ద్వారం చేశారు, ఇరుకు ద్వారం దగ్గరే దళారులు నిలబడతారు. వేరే పని ఇచ్చే దారి, తగ్గించిన పనిగంటల దారి, సగం పింఛను దారి తెరిచివుంటే దళారికి బేరం ఎక్కడిది? డబ్బు లేదని ఆర్థికశాఖ అంటుంది. మన నీళ్ళు ఏ జిల్లాకు ఎంతని టీఎంసీల్లో లెక్కలు కట్టగలిగిన ప్రభుత్వాలకు, ఏజెన్సీల కింద ఎంతమంది ఆడవాళ్ళు ఏ జబ్బుతో పని మానేశారో లెక్క కట్టడం అంత కష్టమా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లోనే, 102వ ఒప్పందంలో, అశక్తత పింఛనును సామాజిక భద్రత కనీస ప్రమాణాల్లో చేర్చింది. సాగర్ కాల్వలకు నీళ్ళు వదిలిన 1967లోనే 128వ ఒప్పందాన్ని ప్రత్యేకంగా అశక్తత, వృద్ధాప్య పింఛన్ల మీద తెచ్చింది. భారతదేశం ఈ రెండింటి మీదా సంతకం పెట్టలేదు.

మెడికల్ బోర్డుల్లో స్త్రీల వైద్యులు, వృత్తి వ్యాధుల వైద్యులు వుండాలి. 'అన్ని పనులు' పోయి 'చేస్తున్న పని' రావాలి. పదేళ్ళ షరతు రాష్ట్రంలోనూ పోవాలి, మస్టర్, పార్ట్‌టైం ఏళ్ళు లెక్కకు ఎక్కాలి. 20వ సెక్షను ఏజెన్సీ ఉద్యోగినులకూ వర్తించాలి. వీటికి చట్టసభల దాకా వెళ్ళాలి. అంతలోపు మనం చేయగలిగింది ఒకటుంది. వచ్చే త్రైమాసికంలో మీ మండలంలో గురుకులాల వంటవాళ్ళను, ఆసుపత్రి స్వీపర్లను, మున్సిపల్ కార్మికులను కూర్చోబెట్టి ముగ్గురి గురించి అడగండి, గత అయిదేళ్ళలో మీ పక్కన పని చేస్తూ జబ్బుతో మానేసిన వాళ్ళు ఎవరు, ఏ జబ్బు, చేతిలో ఎంత పెట్టి పంపారు? వాళ్ళ పీఎఫ్ నంబర్లు, ఏజెన్సీల పేర్లు, మానేసిన తేదీలు రాసుకోండి. గ్రాట్యుటీ దరఖాస్తు ముందు యజమానికి ఇవ్వాలి, కాదంటే కార్మికశాఖ అధికారి దగ్గరికి పోవాలి. ఆలస్యమైందని ఆగిపోకండి, ఆలస్యానికి కారణం జబ్బేనని రాయండి.